డొక్క పీచు కారెక్కాలంటే

అంబాజీపేట, కొత్తపేట, రాజోలు వైపు కొబ్బరి ఒలుపు జరిగే చోటల్లా డొక్కలు గుట్టలు పడి ఉంటాయి. డొక్కను యంత్రంలో వేస్తే దాదాపు మూడోవంతు పీచు వస్తుంది, మిగిలింది పొట్టు. ఆ పీచును బేళ్లు కట్టి లారీ ఎక్కించడంతో చాలావరకు కోనసీమ పని ముగుస్తోంది, అసలు విలువ మరో ఊళ్లో చేరుతోంది. పరుపులకూ తాళ్లకూ పోయే ఈ పీచు వాహనాల బరువు, ఖర్చు తగ్గించే విడిభాగంగా ఇక్కడి నుంచే బయల్దేరాలి. అది సాధ్యమేనని చెప్పడానికి ఇంజనీరింగ్ లెక్కే చాలు.

కారు బరువు 10 శాతం తగ్గితే ఇంధనం 6 నుంచి 8 శాతం ఆదా అవుతుందని పరిశ్రమ అంచనా. బరువు తగ్గించడమంటే ఇనుము తీసి అల్యూమినియం పెట్టడమే కాదు. డోరు లోపలి పలక, డిక్కీ అడుగు పలక పెద్ద భారమేమీ మోయవు, వంగకుండా ఉంటే చాలు. పలక మందం రెట్టింపైతే అది వంగుడుకు ఎనిమిది రెట్లు ఎదురు నిలుస్తుంది. అందుకే తేలికైన సరుకును కాస్త మందంగా వాడితే బరువు తగ్గుతుంది, బిగువు తగ్గదు. తయారీ కూడా అర్థం కానిదేమీ కాదు. పీచులో పాలీప్రొపిలీన్ పోగులు కలిపి, ముళ్ల సూదులతో గుచ్చి గుచ్చి మెత్తలా చేస్తారు. ప్లాస్టిక్ సుమారు 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 200 దాటితే పీచు మాడడం మొదలవుతుంది. ఆ రెండింటి మధ్య వేడిలో అచ్చు వేసి నొక్కితే పలక సిద్ధం. బ్రెజిల్‌లో 1990లలోనే డైమ్లర్-బెంజ్ తోడ్పాటుతో కొబ్బరి పీచు, రబ్బరు పాలు కలిపి వాహనాల సీట్లు, తల దిండ్లు చేశారు. ఫోర్డ్ తన ఫోకస్ ఎలక్ట్రిక్ కారు డిక్కీ అడుగు పలకలో కొబ్బరి పీచు వాడింది.

పీచు బలహీనమంటారు. నిజమే, లాగుడుకు ఆగడంలో గాజు పోగులో పదోవంతు కూడా ఉండదు. కానీ గాజు పోగు కొద్దిగా సాగగానే తెగుతుంది, పీచు 15 శాతానికి పైగా సాగుతుంది. బరువులోనూ గాజులో సగమే. తేమకు కుళ్లుతుందనే వారికి జవాబు పీచులోనే ఉంది. అందులో 40 శాతానికి పైగా లిగ్నిన్ ఉండటం వల్లే అది ఉప్పునీళ్లలో కూడా చాన్నాళ్లు నిలుస్తుంది. సీట్లలో ఫోమ్ ఎప్పుడో గెలిచిందన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. ఒక్క పోతలో అచ్చుకు వచ్చే ఫోమ్‌తో కారు సీటులో పోటీ పడటం వృథా, పలకల దగ్గరే మొదలుపెట్టాలి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఒక బేలుకూ ఇంకో బేలుకూ తేమ, పొడవు, అంటుకున్న పొట్టు ఒక్కలా ఉండవు. కార్ల కంపెనీ కొనేది పీచును కాదు, ప్రతి బేలూ ఒకేలా ఉంటుందన్న హామీని. వానాకాలంలో ఆరుబయట ఎండబెట్టే పీచుతో ఆ హామీ ఇవ్వలేం. ఎర్రమంచిలో కియా 2019 నుంచి కార్లు చేస్తోంది, మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం 2025 మార్చిలో తెరుచుకుంది. కొనగలిగే వాళ్లు రాష్ట్రంలోనే ఉన్నారు. 1953 చట్టంతో పుట్టిన కాయర్ బోర్డు, రాష్ట్ర ప్రభుత్వం, పీచు మిల్లుల వాళ్లు కలిసి కోనసీమలో ముందుగా ఒక డ్రయ్యరు, ఒక పరీక్షశాల పెట్టండి. అచ్చుల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.