శ్రీరాంపూరు కళాశాల: చరిత్రము, ప్రవేశము, వ్యయము

పై తరగతుల విద్యార్థులు ఏటేట మమ్మడుగు ప్రశ్న యొకటి కలదు: "ఇచ్చటి చదువు ముగిసిన పిమ్మట మేము ఏ కళాశాలలో చేరవలెను?" వారి తలిదండ్రు లడుగు ప్రశ్న వేరు: "అందులకు ఎంత సొమ్ము కావలెను?" ఈ రెండును న్యాయమైన ప్రశ్నలే. అయినను ఏ విద్యాసంస్థను గూర్చియైనను ముందుగా మూడు సంగతులు విచారింపవలెనని మా యభిప్రాయము. పట్టము లిచ్చు అధికారము దానికి ఎట్లు వచ్చెను? దాని వాకిలి ఎవరికి తెరచియున్నది? దాని వ్యయమును ఎవరు, ఏ షరతుమీద భరించుచున్నారు? ఈ మూడింటికిని మంచి దృష్టాంతముగా, క్రైస్తవ సంఘములకు చెందిన శ్రీరాంపూరు కళాశాల వృత్తాంతమును ఇచ్చట వివరింతుము.

శ్రీరాంపూరు కలకత్తాకు ఉత్తరమున, హుగ్లీనది పడమటి యొడ్డున నున్న పట్టణము. 1755 మొదలు 1845 వరకును అది ముఖ్యముగా డెన్మార్కు రాజు ఏలుబడిలో నుండెను. ఈస్టిండియా కంపెనీవారు తమ సీమలో మిషనెరీలను నిలువనీయని దినములలో డేనులు వారికి ఆశ్రయ మిచ్చిరి. అందుచేత 1800 సంవత్సరమున విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు అను మువ్వురు అచ్చట నివాస మేర్పరచుకొనిరి. కేరీ మొదట చెప్పులు కుట్టి జీవించినవాడు, మార్ష్‌మన్ బడిపంతులు, వార్డు అచ్చుపని నేర్చినవాడు. కేరీ పేరు మన తెలుగువారికి కొత్తది కాదు. 1814లో ఆయన రచించిన తెలుగు వ్యాకరణము శ్రీరాంపూరులోనే అచ్చుపడినది.

ఈ మువ్వురును 1818లో కళాశాలను స్థాపించిరి. మొదట చేరిన విద్యార్థులు 37 మంది. సంస్కృతాది ప్రాచ్యభాషలను, పాశ్చాత్యదేశముల శాస్త్రములను అచ్చట కలిపి నేర్పవలెనని వారి సంకల్పము. కాని పట్టములిచ్చుటకు రాజాజ్ఞ కావలసియుండెను. మార్ష్‌మన్ డెన్మార్కునకు పోయి ప్రార్థింపగా, ఆరవ ఫ్రెడరికు రాజు 1827 ఫిబ్రవరి 23వ తేదీన రాజశాసనము దయచేసెను. మన దేశమున కలకత్తా, బొంబాయి, మద్రాసు సర్వకళాశాలలు పుట్టినది 1857లో. వానికి ముప్పది యేండ్లు ముందుగనే ఈ చిన్న పట్టణమునకు ఆ గౌరవము లభించెను. 1845లో డెన్మార్కు ఆ పట్టణమును ఇంగ్లీషువారికి విక్రయించినప్పుడును కళాశాల హక్కులు కాపాడబడెను.

అధికారము లభించినంతమాత్రమున పని నెరవేరలేదు. ఆ శాసనము ననుసరించి మొదటి దైవశాస్త్ర పట్టములు ఇయ్యబడినది 1915లోనే. అప్పుడు వానిని పొందినవారు మువ్వురు. తరువాత 1918లో బెంగాలు శాసనసభ చేసిన చట్టముచేత సెనేటు అను సభ ఏర్పడి, పట్టము లొసగు భారమును వహించెను.

ఇక వ్యయము మాట. స్థాపకులకు ఆస్తులు లేవు. కేరీ ఫోర్టు విలియం కళాశాలలో భాషాచార్యుడై జీతము గడించెను. మార్ష్‌మన్ దంపతులు బోర్డింగు పాఠశాలలు నడపిరి. వార్డు అచ్చుకూటము సాగించెను. తమ కూటికి గుడ్డకు కావలసిన కొద్దిసొమ్ము మాత్రము తీసికొని, మిగిలినదంతయు ఉమ్మడి బొక్కసములో వేయుచుండిరి. 1812లో అచ్చుకూటము తగులబడి అక్షరములును వ్రాతప్రతులును బూడిద యయ్యెను. అయినను వారు వెనుదీయలేదు. కళాశాల భవనమును కట్టుటకు వారి కష్టార్జితమే ప్రధానాధారమయ్యెను.

ఈ విషయమున ఒక చిన్న సంగతి మరువరానిది. వార్డు అమెరికాకు పోయి చందాలు పోగుచేసినప్పుడు, అచ్చటి దాతలు కొందరు ఆ ధనమును దైవశాస్త్ర బోధకే వినియోగింపవలెను గాని ప్రకృతిశాస్త్రములకు వినియోగింపరాదని షరతు విధించిరి. కేరీ ఇందులకు మిక్కిలి నొచ్చుకొనెను. ప్రకృతిశాస్త్రము లెరుగనివాడు మంచి బోధకుడు కానేరడని ఆయన తలంపు. ధనమిచ్చినవాడు చదువునకు కంచె వేయుట తగునా యను ఈ ప్రశ్న నేటికిని పాతబడలేదు. పిమ్మట 1830 మొదలు కలకత్తాలోని పెద్ద వర్తకశాలలు వరుసగా దివాలా తీయగా, కళాశాల నిధులకును నష్టము వాటిల్లెను. దానము నమ్మి నడచు సంస్థకు ఈ రెండు గండములును ఎప్పుడును ఉండును.

వాకిలి విషయమున స్థాపకుల నిశ్చయము స్పష్టము. కులముగాని, వర్ణముగాని, దేశముగాని ప్రవేశమునకు అడ్డు కారాదని కళాశాల నిబంధనలలోనే వ్రాసిరి. ఒక వీథిలో నీళ్లు ముట్టుకొననీయని కాలమున ఒకే బల్లమీద కూర్చుండ పిలుచుట సామాన్యమైన మాట కాదు.

నేడు ఈ కళాశాలకు రెండు ద్వారములు కలవు. భాషలు, ప్రకృతిశాస్త్రములు మొదలగువాని శాఖ కలకత్తా సర్వకళాశాలకు చేరినది. ఏ మతమువారైనను అందులో చదువవచ్చును. దైవశాస్త్ర శాఖ సెనేటుక్రింద నున్నది. సెనేటు పట్టము కోరు మన విద్యార్థి బెంగాలుకే పోనక్కరలేదు. 1964లో రాజమహేంద్రవరమున ఏర్పడి, పిమ్మట హైదరాబాదునకు మారిన ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాలయు దానికి అనుబంధమైనదే. ఇట్టి చోట్ల చేరగోరువారు చాలవరకు తమ సంఘముయొక్క సిఫారసుతో వత్తురు. పలువురి ఖర్చులో కొంత పంపిన సంఘమే భరించును.

తలిదండ్రులకు మా మనవి యిది. ఏ కళాశాలకైనను దరఖాస్తు పంపుటకు ముందు, పట్టమిచ్చునది ఆ కళాశాలయా, మరియొక సర్వకళాశాలయా తెలిసికొనుడు. బోధన ఫీజు, వసతి, భోజనము, పుస్తకములు, పరీక్ష రుసుము వేరువేరుగ కాగితముమీద వ్రాయించుకొనుడు. విద్యార్థివేతన మిచ్చువారు అందులకు ఏ షరతు పెట్టుచున్నారో అడుగుటకు సిగ్గుపడకుడు.

విద్యార్థులకు చెప్పవలసినది ఒక్కటే. మీరు కట్టు ఫీజు ఎంతయైనను, మీ చదువు పూర్తి ఖర్చు సాధారణముగా అది కాదు. తక్కినది మీ రెన్నడును చూడని యెవరో చెల్లించియుందురు. శ్రీరాంపూరులో ఒక చెప్పులు కుట్టినవాడు, ఒక పంతులు, ఒక అచ్చుపనివాడు అట్లు చెల్లించిరి. ఆ యప్పు వారికి తీర్చజాలము. మన వెనుక వచ్చువారికి వాకిలి తెరచియుంచుటచే తీర్చవచ్చును.