జంటలు కాదు, మెట్లు నేర్చుకోండి

వేమూరులో టీ కొట్టు దగ్గర నిలబడి ‘టీ ఎలా ఉంది?’ అని అడిగి చూడండి. వేడి, చల్లన అని రెండే జవాబులు రావు. పొగలు కక్కుతోంది, వెచ్చగా ఉంది, గోరువెచ్చగా ఉంది, చల్లారిపోయింది... ఇన్ని మెట్లుంటాయి. అదే కొత్త భాష నేర్చుకునేటప్పుడు ఏం చేస్తాం? వ్యతిరేక పదాల జాబితా ముందేసుకుని జంటలుగా బట్టీ కొట్టేస్తాం. ఇబ్బందంతా అక్కడే.

ఎంబీబీఎస్ కోసం ఉజ్బెకిస్థాన్ వెళ్లే మన తెలుగు విద్యార్థుల్నే తీసుకోండి. సమర్‌కంద్‌లోనో తాష్కెంట్‌లోనో పాఠం ఇంగ్లిష్‌లో విన్నా, వార్డులో రోగి ఇంగ్లిష్‌లో మాట్లాడడు కదా! ఉజ్బెక్‌లో ‘ఇస్సిక్’ అంటే వేడి, ‘సొవుక్’ అంటే చల్లన. ఈ జంట వస్తే సరిపోదు. మధ్యలో ‘ఇలిక్’ (గోరువెచ్చన), ‘సల్కిన్’ (హాయైన చల్లదనం) ఉన్నాయి.

రంగుల్లో ఈ తేడా ఇంకా ముఖ్యం. ‘సరిక్’ అంటే పసుపు. ‘సర్గిష్’ అంటే కాస్త పసుపు ఛాయ. ‘సప్-సరిక్’ అంటే పూర్తిగా పసుపు. కామెర్ల అనుమానంతో వచ్చిన రోగి కళ్ల గురించి ఇంట్లోవాళ్లు ఈ మూడింటిలో ఏది అన్నారు? తేడా తెలియకపోతే మీరు ‘పసుపు’ అని రాసుకుని ఊరుకుంటారు. ఎంత పసుపన్నది పోతుంది.

మనకో వెసులుబాటు ఉంది. పగలు–పట్టపగలు, మొదట–మొట్టమొదట, చివర–చిట్టచివర. స్కూల్లో చదివిన ఆమ్రేడిత సంధి గుర్తొచ్చిందా? ఉజ్బెక్ కూడా మాట మొదటి భాగాన్ని రెట్టించే అర్థం పెంచుతుంది. ‘కిజిల్’ ఎరుపు, ‘కిప్-కిజిల్’ ఎర్రెర్రగా. మనం చివర ‘లేని’ చేర్చినట్టే వాళ్లు ‘సిజ్’ చేరుస్తారు. ‘తుజ్’ ఉప్పు, ‘తుజ్‌సిజ్’ ఉప్పు లేనిది. అక్కడి ‘బెకోర్’ అంటే పని లేకుండా ఖాళీగా ఉండటం. పారసీ నుంచి వచ్చిన మాటే, మన ‘బేకారు’కి చుట్టం!

అందుకే ఈ రోజు నుంచి నోట్‌బుక్‌లో రెండు గళ్లు కాదు, ఐదు గళ్లు గీయండి. ఆ చివర, ఈ చివర వ్యతిరేక పదాలు రాయండి. మధ్య మూడింటినీ ముందు తెలుగులో నింపండి, తర్వాత కొత్త భాషలో వెతకండి. నింపలేని గడే మీరు నేర్చుకోవాల్సిన మాట. ఉజ్బెక్ అయినా, ఇంటర్వ్యూ ఇంగ్లిష్ అయినా పద్ధతి ఇదే.