చలి దెబ్బకు కొబ్బరి, ఆయిల్ పామ్ బతుకుతాయా? మట్ట కాదు, మొవ్వు చూడండి!

ఆదిలాబాద్, ఆసిఫాబాద్, నిర్మల్ వైపు కొత్తగా కొబ్బరి, ఆయిల్ పామ్ పెట్టినవాళ్ళు చలికాలం రాగానే అడిగే మాట ఒకటే. "అన్నా, రాత్రిపూట పది డిగ్రీల కిందికి పోతోంది, మొక్కలు ఉంటాయా, పోతాయా?"

పెద్ద చెట్టయితే ఉంటుంది. మన దగ్గర చలి రాత్రి కొన్ని గంటలే, మధ్యాహ్నానికి మళ్ళీ ఎండ కాస్తుంది. అస్సాంలో చలి మనకంటే ఎక్కువ రోజులుంటుంది, అయినా అక్కడ పెరటికో కొబ్బరి కనబడుతుంది. కాకపోతే కాపులో కోనసీమతో పోటీ పడదు. అసలు ప్రాణం తీసేది గడ్డకట్టే చలి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో 1989 డిసెంబర్‌లో అలాంటి చలి వచ్చి, ఆ రాష్ట్రం మధ్య భాగంలో కొబ్బరి చెట్లు చాలా చచ్చిపోయాయి. 2010 జనవరిలో మళ్ళీ పది రోజులకు పైగా చలి పట్టింది. అప్పుడు చెట్ల మీది ఉడుములాంటి ఇగ్వానాలు బిగుసుకుపోయి కింద పడ్డాయట!

మామిడి కొమ్మ మాడితే పక్క నుంచి చిగురేస్తుంది. కొబ్బరికి, ఆయిల్ పామ్‌కి ఆ వీలు లేదు. చెట్టంతటికీ ఒకటే మొవ్వు. అది పోతే చెట్టు పోయినట్టే. అందుకే మట్టలు ఎర్రబడ్డాయని కంగారుపడి నరికెయ్యకండి. సగం ఆకుపచ్చగా ఉన్నా ఆ మట్ట చెట్టుకు తిండి పెడుతూనే ఉంటుంది, మొవ్వుకు కప్పులా కాపాడుతుంది. ఎండలు ముదిరాక చూసుకోవచ్చు.

మొవ్వాకును మెల్లగా లాగి చూడండి. గట్టిగా ఉంటే భయం లేదు. చేతిలోకి ఊడొచ్చి కుళ్ళు వాసన వస్తే మొవ్వు కుళ్ళు మొదలైనట్టే. కుళ్ళిన భాగం శుభ్రంగా చెక్కేసి బోర్డో పేస్టు పూయాలి. సేంద్రియ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు రాగి మందు వాడేముందు ఇన్‌స్పెక్టర్‌ని అడగండి. లోపల తెల్లగా, గట్టిగా ఉంటే కొన్ని నెలలకైనా కొత్త ఆకు రావచ్చు, తొందరపడి పీకెయ్యకండి.

ఇప్పుడు మనవాళ్ళకు కాస్త ఇబ్బందిగా అనిపించే మాట. మనం ఆచ్ఛాదన, ఆచ్ఛాదన అంటాం కదా, మంచు పట్టే రాత్రుల్లో అదే చిన్న మొక్కకు ఎదురు తిరుగుతుంది. పగలు నేల పట్టిన వేడి రాత్రి పైకి రావాలి. మందంగా ఎండుగడ్డి కప్పితే ఆ వేడి కిందే ఆగిపోతుంది, గడ్డి పైన గాలి ఇంకా చల్లబడుతుంది. కాబట్టి ఏడాది, రెండేళ్ళ మొక్కల చుట్టూ ఆ నాలుగు రోజులు గడ్డిని పాదు బయటికి జరపండి. పగటిపూట తడి పెట్టండి. తడి నేల వేడిని ఎక్కువ పట్టుకుంటుంది, పైగా చలికాలం బోరు నీళ్ళు గోరువెచ్చగానే ఉంటాయి కదా. చలి తగ్గాక గడ్డి మళ్ళీ కప్పుకోండి. పెద్ద తోటలో ఆచ్ఛాదన కదపక్కర్లేదు.

జీవామృతం పిచికారీ చేస్తే చలి ఆగుతుందని కొందరు చెబుతున్నారు. నేను నమ్మను. సాయంత్రం కొడితే మొవ్వులో నీళ్ళు నిలిచి కుళ్ళుకే దారి. చలికి తట్టుకునే బలం ముందే పెట్టుకోవాలి. పొటాష్ తక్కువైన చెట్లు చలికి ఎక్కువ దెబ్బతింటాయి. మనకు పొటాష్ కొనే పని లేదు. కొబ్బరి డొక్కలు, కట్టెల బూడిద, రాలిన మట్టలు పాదులోనే పడేస్తే చాలు. డొక్కలు అమ్ముకునే రైతు ఆ పొటాష్‌ని కూడా లారీ ఎక్కిస్తున్నట్టే.

చెట్టు బతికింది కదా అని లెక్క అయిపోయిందనుకోవద్దు. పూగెల విచ్చుకున్నాక కాయ ముదరడానికి పదకొండు, పన్నెండు నెలలు పడుతుంది. జనవరి చలికి పిందె రాలితే ఆ లోటు వచ్చే సంక్రాంతి దింపులో కనబడుతుంది. ఆయిల్ పామ్‌లో గెలలు పండటం ఆలస్యమవుతుంది. ఉత్తర జిల్లాల్లో ఎకరాలకు ఎకరాలు పెట్టబోయేవాళ్ళు మొక్క బతుకుతుందా అని కాకుండా, చలి నెలల్లో ఎన్ని గెలలు దిగాయని పక్క ఊళ్ళో నాలుగైదేళ్ళ తోట ఉన్న రైతును అడిగి రండి. మొవ్వాకు లాగి చూసే పద్ధతి వీడియోలో ఉంది.