మాటను కాదు, దాని పనిని చూడండి

"ఫాస్ట్" అనే ఇంగ్లీషు మాట ఏ భాషాభాగం? "విశేషణం" అంటారు కొందరు. "క్రియావిశేషణం" అంటారు మరికొందరు. ఇద్దరి సమాధానమూ అసంపూర్ణమే.

"ఏ ఫాస్ట్ ట్రైన్" అన్నప్పుడు అది విశేషణం. "రన్ ఫాస్ట్" అన్నప్పుడు క్రియావిశేషణం. "దే ఫాస్ట్ ఆన్ ఏకాదశి" అన్నప్పుడు ఉపవసించడమనే క్రియ. "ఏ లాంగ్ ఫాస్ట్" అన్నచోట దీర్ఘోపవాసాన్ని తెలిపే నామవాచకం. మాటలో ఒక్క అక్షరమైనా మారలేదు; మారినవి అది నిలిచిన చోటు, చేసిన పని.

ఈ విచక్షణ పరీక్షలో మార్కుల కోసమే కాదు. రక్తంలో చక్కెర పరీక్షకు ముందు "ఫాస్ట్ ఫర్ ఎయిట్ అవర్స్" అని రాసి ఇచ్చిన చీటీలో ఆ మాటను క్రియగా గుర్తించని రోగి, ఫలహారం చేసి వెళ్లవచ్చు. అప్పుడు వచ్చే లెక్క వైద్యుణ్ణి కూడా తప్పుదారి పట్టిస్తుంది.

మనకీ చిక్కు ఎందుకు వస్తుంది? తెలుగులో మాట తన పనిని సాధారణంగా చివరనే చెప్పుకుంటుంది. "రాళ్లకు" అన్నప్పుడు "కు", "నడిచాడు" అన్నప్పుడు "ఆడు" ఆనవాళ్లు. ప్రాచీన ఇంగ్లీషు తీరూ ఇదే. నేడు "టు స్టోన్స్" అనే అర్థాన్ని నాడు "స్తానుమ్" అనే ఒక్క మాట ఇచ్చేది. అంతకు ముందే మొదలైన ఈ ప్రత్యయాల క్షయం, 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాతి శతాబ్దాలలో వేగం పుంజుకుంది. వాటి భారం పదాల వరుసపై పడింది.

పైగా మనం ఇంగ్లీషు క్రియను తెచ్చుకున్నా, దానికి తెలుగు క్రియను తోడిస్తాం: "టికెట్ బుక్ చేశాను", "బస్సు మిస్ అయింది". అందువల్ల ఇంగ్లీషు వాక్యంలో "బుక్" ఒంటరిగా క్రియయై ఎదురైతే, మనకు ముందుగా పుస్తకమే స్ఫురిస్తుంది.

గుర్తుపట్టడానికి కొన్ని ఉపాయాలున్నాయి. "ఏ", "ద", "మై" కనిపిస్తే, వాటి వెనుక వచ్చే నామవాచకాన్ని వెదకండి. ఆ రెంటి నడుమ నిలిచి గుణం చెప్పేది సాధారణంగా విశేషణం. "కెన్", "విల్", "మస్ట్" తరువాత క్రియను ఆశించండి. "డౌన్ ద హిల్" లో వలె వెంట నామవాచకం ఉంటే "డౌన్" విభక్తి పని చేస్తున్నది. "సిట్ డౌన్" లో వలె ఏదీ లేకుంటే క్రియావిశేషణం.

ఒక మాట ఏయే పనులు చేయగలదో నిఘంటువు చెబుతుంది. ఇప్పుడు, ఇక్కడ, ఏ పని చేస్తున్నదో చెప్పవలసినది వాక్యమే.