దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి

నేను నాలుగో తరగతి వరకే చదివినోణ్ని. ముప్పై ఏళ్ళు నూలుమిల్లులో పనిచేసి ఇప్పుడు తారానగర్‌లో ఇంటి అరుగు మీద కూర్చున్నాను. చదువు తక్కువ గానీ మా అవ్వ చెప్పిన సామెతలు నా దగ్గర శానా ఉన్నాయి. వాటిల్లో నాలుగు ఈ నెల మీతో పంచుకుంటాను.

మా ఊరు సండూరు తాలూకా. ఒకప్పుడిది రాజుల సంస్థానం. 1949లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1953లో బళ్ళారితోపాటు మైసూరులోకి పోయింది. అందుకే మా నోట్లో తెలుగూ కన్నడమూ కలిసే వస్తాయి. 1868లోనే కార్ అనే తెల్లదొర తెలుగు సామెతలు పోగుచేసి మద్రాసులో అచ్చేయించినాడంట. మా అవ్వకు ఆ పుస్తకం సంగతే తెలీదు. ఆమెకు నోరే పుస్తకం.

అవ్వ ఎక్కువగా అనే మాట 'ఓర్చినమ్మకు తేటనీరు'. మా కొండలన్నీ ఇనుపరాయి. వానాకాలంలో వంకనీళ్ళు ఎర్రగా వస్తాయి. అవ్వ కడవ నింపి మూలన పెట్టేది. దప్పికని మేము చెంబు ముంచబోతే కసిరేది. రాత్రి గడిస్తే మన్ను అడుక్కు దిగి పైన తేటనీళ్ళు నిలిచేవి. కన్నడంలోనూ ఇదే చెప్తారు, 'తాళిదవను బాళియాను' అని. అంటే ఓర్చుకున్నోడే బతుకుతాడు. మిల్లులో చేరిన కొత్తల్లో రింగుఫ్రేము మీద పోగు తెగితే నేను ఆత్రపడి అతికేవాణ్ని. అతుకు లావయ్యి మళ్ళీ తెగేది. చెయ్యి నెమ్మదించినాకనే పని వచ్చింది.

రెండోది 'పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు'. గనుల జోరు చూసినోళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కర లేదు. పొలాలు కుదువ పెట్టి లారీలు కొన్నోళ్ళు మా పక్క ఎంతమందో. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో ఖనిజం తవ్వకం ఆపేసింది. లారీలు నిలబడినాయి, కంతులు నిలబడలేదు. నేనేదో తెలివిగలోణ్నని అనుకోవద్దండి. నాకు అప్పిచ్చేవాడు దొరక్క మిగిలిపోయినాను, అంతే.

ఇప్పుడు అసలు మాట. ఓర్పుకు కూడా ఒక హద్దు ఉండాలి. నాతోటి కార్డింగు ఖాతాలో పనిచేసిన ఒకాయన ఉన్నాడు. ఆదివారం సెలవయ్యి సోమవారం డ్యూటీకి వస్తే ఆయనకు రొమ్ము పట్టేసేది, ఆయాసం వచ్చేది. మంగళవారానికి కొంచెం తగ్గేది. "ఏం కాదులేన్నా, ఓర్చుకో" అని నేనే ఆయనకు అవ్వ సామెత చెప్పినాను. ఏళ్ళు గడిచినాక డాక్టరు చూసి, అది పత్తిదుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, పేరు బిస్సినోసిస్ అన్నాడు. మొదట్లోనే దుమ్ములోనుంచి తప్పుకుంటే తగ్గేది. ముదిరితే పోదు. పనివల్ల వచ్చే జబ్బుల కింద నష్టపరిహార చట్టంలో దీని పేరు కూడా ఉంది. అప్పుడు మా ఇద్దరికీ తెలీదు. కడవలో మన్ను అడుక్కు దిగుతుంది గానీ, రొమ్ములో దిగిన దుమ్ము తేటపడదు. ఆ సామెత నేను తప్పు చోట వాడినాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆయన సర్వీసులో ఉండంగానే పోయినాడు. పీఎఫ్ కాయితంలో పెళ్ళికి ముందు రాయించిన తల్లి పేరే ఉంది. ఆ తల్లి కూడా లేదు. పెళ్ళయినాక పాత పేరు చెల్లదని మాకెవరికీ తెలీదు. పాపం, ఆయమ్మ సంవత్సరం పైన ఆఫీసుల చుట్టూ తిరిగింది. 'దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి' అనే మాటకు అర్థం నాకు ఆ పొద్దు తెలిసింది.

చావు మాట ఎత్తితే అపశకునం అంటారు మనోళ్ళు. కాయితం సరిచేసుకుంటే ఎవరూ చావరు. ఈ పొద్దే చూసుకోండి. నామినేషన్‌లో భార్యాపిల్లల పేర్లు ఉన్నాయా? ఆధారులో, బ్యాంకుపుస్తకంలో పేరు ఒకే తీరుగా ఉందా? పనిలో ఉండంగా మనిషి పోతే, పదేళ్ళ సర్వీసు నిండకున్నా భార్యకు పీఎఫ్ పింఛను వస్తుంది. గ్రాచ్యుటీకి ఐదేళ్ళు నిండాలనే షరతు కూడా అప్పుడు ఉండదు. సోమవారం రొమ్ము పట్టేస్తుంటే ఓర్చుకోవద్దు, ఈఎస్ఐ ఆస్పత్రికి పోయి "పత్తిదుమ్ములో పని నాది" అని నోరు తెరిచి చెప్పండి.

'పండుటాకును చూసి పచ్చాకు నవ్వినట్లు' అంటారు. వయసులో ఉన్నప్పుడు నేనూ నవ్వినోణ్నే. ఇప్పుడు పండుటాకును నేనే. మొన్న నా కాయితాలన్నీ ట్రంకుపెట్టెలో సర్ది, తాళంచెవి ఎక్కడ పెట్టినానో ఇంటామెకు చూపించినాను. ఆమె నవ్వి, "యాడికి పోతావయ్యా అప్పుడే? ముందు పోయి రేషన్‌బియ్యం తీసుకురాపో" అనింది.

సంచీ తీసుకోని బయలుదేరినాను.