సినిమా మాటల పుట్టిల్లు

పిల్లలూ! మహబూబాబాద్ కుర్రవాడు ఒకడు పై చదువుకోసం లండన్ వెళ్ళాడనుకోండి. సోమవారం పొద్దున తోటి విద్యార్థి ఒకడు కలిసి, "నిన్న సెలవు గదా, ఏం చేశావు?" అని ఇంగ్లీషులో అడిగాడు. మనవాడు ఠక్కున, "థియేటర్‌కు వెళ్ళాను," అని జవాబు చెప్పాడు.

"అలాగా! ఏం నాటకం?" అన్నాడు అవతలివాడు.

మనవాడు తెల్లబోయాడు. తాను చూసింది సినిమా. మధ్యలో ఈ నాటకం ఎక్కడినుంచి వచ్చింది?

ఇందులో తప్పు ఇద్దరిదీ కాదు, మాటది. మన ఊళ్ళలో థియేటర్ అంటే సినిమా ఆడే హాలు. ఇంగ్లండులో వట్టి థియేటర్ అంటే మనుషులు ఎదుట నిలబడి నాటకం ఆడే చోటు. సినిమా ఆడే హాలును వాళ్ళు 'సినిమా' అంటారు. అక్కడ చూసే బొమ్మ పేరు 'ఫిలిం'. అమెరికావాళ్ళు ఆ బొమ్మను 'మూవీ' అనీ, హాలును 'మూవీ థియేటర్' అనీ అంటారు. మనం "సెలవుల్లో మూడు సినిమాలు చూశాను" అంటాం గదా. ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే, వీడు మూడు హాళ్ళు చూసి వచ్చాడు కాబోలు అనుకుంటారు! "మూడు ఫిలిములు చూశాను" అనాలి. ఆట మధ్య విరామాన్ని ఇంగ్లండులో మనలాగే 'ఇంటర్వెల్' అంటారు. అమెరికాలో 'ఇంటర్మిషన్' అంటారు.

ఇలాంటి మాటలను బట్టీ పెడితే నాలుగు రోజుల్లో మరచిపోతాం. మాట పుట్టిల్లు చూసి వస్తే మాత్రం మరచిపోం. వినటానికి గొప్పగా ఉండే ఈ మాటలన్నీ పుట్టింట్లో చాలా మామూలువి. గుడ్డ, దారం, కాగితం, గుడిసె, ఇలాంటి వస్తువుల పేర్లే. పదండి, ఒక్కొక్కటే చూద్దాం.

గ్రీకు భాషలో 'కినేమా' అంటే కదలిక. ఫ్రాన్సు దేశంలో లుమియేర్ సోదరులు కదిలే బొమ్మల యంత్రం ఒకటి తయారుచేసి, దానికి 'సినిమాటోగ్రాఫ్' అని పేరు పెట్టారు. కదలికను రాసేది అని దాని అర్థం. 1895 డిసెంబరు 28న పారిస్‌లో టిక్కెట్టు పెట్టి ఆ బొమ్మలు చూపారు. ఏడు నెలలు నిండకముందే, 1896 జూలై 7న, ఆ వింత మన దేశానికి, బొంబాయిలోని వాట్సన్ హోటలుకు వచ్చింది. అంత పొడుగు పేరు పలకలేక జనం తోక కోసేసి 'సినిమా' అన్నారు. 'మూవీ' అన్నా కదిలేది అనే అర్థం.

నిజానికి ఫిలిం మీద ఏ బొమ్మా కదలదు. ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. గుండ్రని అట్టముక్క ఒకటి తీసుకోండి. ఒకవైపు పంజరం బొమ్మ వేయండి. రెండోవైపు చిలుకను తలకిందులుగా వేయండి. కుడి ఎడమ అంచుల్లో చిల్లులు పొడిచి, రెండు దారాలు కట్టండి. దారాలను వేళ్ళతో నలిపి అట్టను గిర్రున తిప్పండి. చిలుక పంజరంలో కూర్చుంటుంది! చిలుక అటు తిరిగిపోయినా దాని రూపం మన చూపులో క్షణకాలం నిలుస్తుంది. ఇంతలో పంజరం వచ్చి కలుస్తుంది. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు ఇలా వెంటవెంటనే పడతాయి. ఒకదానికీ మరొకదానికీ కొంచెమే తేడా. మన మెదడు వాటన్నిటినీ కలిపి కదలికగా గ్రహిస్తుంది.

ఈ బొమ్మలను చుట్టిపెట్టే చక్రం 'రీలు'. అసలు రీలు అంటే దారం చుట్టే కండె. వెయ్యి అడుగుల ఫిలిం రీలు సుమారు 11 నిమిషాలు ఆడుతుంది. రెండున్నర గంటల సినిమాకు 13,500 అడుగుల ఫిలిం కావాలి. దానిమీద ఎన్ని బొమ్మలుంటాయో లెక్క కట్టండి. 2,16,000!

మరి 'ఫిలిం' అంటే ఏమిటి? పలుచని పొర. కాచిన పాలమీద మీగడ కట్టినట్టు ఉండే పొరను కూడా ఇంగ్లీషులో ఫిలిం అనవచ్చు. బొమ్మలు పలుచని పొరమీద ఉన్నాయి కనక, పొర పేరే బొమ్మకు వచ్చింది.

ఇలాంటి పనే మనవాళ్ళు ఎన్నడో చేశారు. 'పటం' అనే మాట చూడండి. సంస్కృతంలో పటం అంటే గుడ్డ. గుడ్డమీద బొమ్మలు వేశారు కనక బొమ్మే పటం అయింది. ఈ పటాల ఊరు ఎక్కడో లేదు. జనగామకు దగ్గరలో, ఇప్పటి సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల. అక్కడి నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజీ, సుద్దమట్టీ, చింతగింజల జిగురూ కలిపి పూస్తారు. అది ఆరి గట్టిపడ్డాక ఎర్రని నేలమీద దేవతలనూ, రాజులనూ, పశువులనూ చిత్రిస్తారు. 30 అడుగులు దాటిన పటాలు కూడా ఉండేవి. వాటిని కర్రకు చుట్టిపెట్టేవారు. కథ చెప్పేవాడు వచ్చి, పటాన్ని వేలాడగట్టి, కొద్దికొద్దిగా విప్పుతూ, ఒక్కొక్క బొమ్మనే చూపుతూ పాడేవాడు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం ఇలాగే చెప్పేవారు. చూశారా! విప్పే చుట్టా, వరసగా బొమ్మలూ, కథా, పాటా అన్నీ ఉన్నాయి. విద్యుద్దీపం ఒక్కటే లేదు. బొమ్మ కదలదు గాని, కథకుడి గొంతు దాన్ని కదిలిస్తుంది.

ఇక తెర సంగతి. ఇంగ్లీషులో 'స్క్రీన్' అంటే మొదట అడ్డు, చాటు. పొయ్యి సెగ తగలకుండా ముందు నిలబెట్టే పలకను స్క్రీన్ అనేవారు. మన 'తెర' కూడా చాటు చేసేదే. వీధి భాగవతాల్లో ఇద్దరు మనుషులు ఒక గుడ్డను అడ్డం పట్టుకుంటారు. వేషగాడు దాని వెనక నిలబడి గజ్జెలు ఘల్లుమనిపిస్తాడు. ముందు కూర్చున్న పిల్లలు మెడలు చాచి చూస్తారు. వచ్చేది రాజా, రాక్షసుడా? గుడ్డ తొలగగానే మిలమిలలాడే కిరీటంతో వేషం ప్రత్యక్షమవుతుంది. ఇప్పుడు సినిమాలో ఏం జరిగిందో ఆలోచించండి. దాచటానికి పుట్టిన గుడ్డ చూపటానికి పనికివచ్చింది! దాని మీద వెండివన్నె పూత పూసేవారు కనక ఇంగ్లీషులో 'సిల్వర్ స్క్రీన్' అన్నారు; మనం 'వెండితెర' అన్నాం.

నాటకం మాటలు ఇంకా పాతవి. వీటిలో చాలావాటి పుట్టిల్లు గ్రీసు దేశం. అక్కడ కొండవాలున జనం కూర్చుని, కింద ఆడే నాటకం చూసేవారు. ఆ చోటు పేరు 'థియట్రాన్', అంటే చూసే చోటు. థియేటర్ అనే మాట దానినుంచే వచ్చింది. నటులు వేషాలు మార్చుకోవటానికి వెనక ఒక గుడారమో గుడిసో ఉండేది. దాని పేరు 'స్కీనీ'. మనం "ఆ సీను బాగుంది" అంటామే, ఆ సీను ఈ గుడిసే! వంతపాడేవారి గుంపుకు 'కోరస్' అని పేరు. చూసేవారిని మనం ప్రేక్షకులు అంటాం, అంటే కళ్ళతో చూసేవారు. ఇంగ్లీషువారి 'ఆడియన్స్' అంటే చెవులతో వినేవారు. నాటకాన్ని వాళ్ళు 'ప్లే' అంటారు. ప్లే అంటే ఆట గదా. మనం కూడా తోలుబొమ్మలాట అంటాం, మొదటి ఆట, రెండో ఆట అంటాం. ఇక్కడ రెండు భాషలూ ఒకే దారిన నడిచాయి.

'రోల్' అంటే నాటకంలో పాత్ర. వెనక నటుడు చెప్పవలసిన మాటలన్నీ కాగితం చుట్టమీద రాసి అతడి చేతికి ఇచ్చేవారు. ఆ చుట్టే రోల్. మన 'పాత్ర' అంటే గిన్నె. వాళ్ళకు కాగితం చుట్టా, మనకు గిన్నే! ఒగ్గుకథ చూసినవారికి గిన్నె అన్న పేరు సరిగ్గా సరిపోయిందనిపిస్తుంది. ఒగ్గు కథకుడు వేషం మార్చకుండానే ఈ క్షణం రాజవుతాడు, మరుక్షణం రాణి అవుతాడు. ఒకే గిన్నెలో ఒకసారి పాలూ, ఒకసారి నీళ్ళూ పోసినట్టు. జనగామ ప్రాంతానికి చెందిన చుక్క సత్తయ్యగారు ఈ విద్యలో దిట్ట. సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు. 2017లో కన్నుమూశారు.

'రిహార్సల్' మాట రైతుబిడ్డలకు నచ్చుతుంది. దాని పుట్టిల్లు చేను. పాత ఫ్రెంచి భాషలో పళ్ళున్న దంతెను దున్నిన నేలమీద మళ్ళీ తోలటమని దాని అర్థం. ఒకసారి తోలితే గడ్డలు చితకవు, మళ్ళీ తోలాలి. ఒకసారి చదివితే మాటలు నోటికి రావు, మళ్ళీ చదవాలి.

మొదట సినిమా మూగది. బొమ్మకు నోరు వచ్చాక దాన్ని 'టాకీ' అన్నారు, మాట్లాడేది అని. మన దేశంలో మొదటి టాకీ 1931 మార్చి 14న విడుదలైన 'ఆలంఆరా'. తెలుగులో మొదటిది హెచ్.ఎం. రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద'. అది 1932 ఫిబ్రవరి 6న వచ్చింది. అందులో ఆడినవారు చాలామంది సురభి నాటక సమాజంవారు. ఈ సురభి 1885లో కడప జిల్లాలో 'కీచక వధ' నాటకంతో మొదలైంది. అంటే తెలుగు సినిమాకు మాట నేర్పింది నాటకమే. ఇంగ్లీషులో టాకీ మాట ఇప్పుడు పాతబడింది. మన ఊళ్ళలో మాత్రం హాళ్ళ బోర్డులమీద 'టాకీస్' అని ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

సినిమా పాటలోని మాటలను ఇంగ్లీషులో 'లిరిక్స్' అంటారు. గ్రీసులో 'లైర్' అనే తీగల వాద్యం ఉండేది. దానిమీద వాయిస్తూ పాడేది లిరిక్. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యులు తెలంగాణాన్ని వీణతో పోల్చిన కవి. నిజాం పాలనను ఎదిరించి జైలుకు వెళ్ళిన ఆయన 1961 నుంచి సినిమాలకు కూడా పాటలు రాశారు. వీణను తలచిన కవికి లిరిక్ రాయటం ఎంత తగిన పనో చూడండి.

మాటలు ఒకచోట నిలవవు సుమా. 'ట్రైలర్' అంటే వెనకనుంచి ఈడ్చుకువచ్చేది. మీ ఊరి ట్రాక్టర్ వెనక ఉండేది కూడా ట్రైలరే. అమెరికాలో మొదట రాబోయే ఫిలిం ముక్కలను అసలు ఆట అయ్యాక చూపేవారు. ఇప్పుడవి ముందే వస్తాయి. వెనకది ముందుకు వచ్చినా పేరు మారలేదు. 'మ్యాట్నీ' ఫ్రెంచి భాషలో పొద్దున అనే మాటనుంచి వచ్చింది. మనం మాత్రం మధ్యాహ్నం భోజనం చేసి మ్యాట్నీకి వెళ్తాం! ఇప్పుడు దాదాపు ఏ హాలులోనూ రీలు తిరగటం లేదు. బొమ్మలు కంప్యూటరు నుంచి వస్తున్నాయి. పొర పోయింది, ఫిలిం అనే మాట ఉండిపోయింది.

ఎందుకు ఉండిపోయింది? జనం ఇంకా ఆ మాట అంటున్నారు కనక. వస్తువు పోయినా, పలికేవారుంటే మాట బతుకుతుంది. పలికేవారు లేకపోతే వస్తువు ఉన్నా మాట పోతుంది. చేర్యాలలో ఇప్పుడు కొద్ది కుటుంబాలవారే పటాలు వేస్తున్నారు. పటం విప్పి కథ చెప్పేవారు అంతకన్నా అరుదు. పటాలను ముక్కలుగా గోడలకు తగిలించుకుంటున్నాం గాని, కథ వినేవారేరీ? చిందు యక్షగానం సంగతీ ఇంతే. అయినా దాన్ని విడవకుండా పట్టుకున్నవారున్నారు. జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చింది.

కనక మీకు ఒక పని. ఒక నోటుబుక్కు తీసుకోండి. ఒకవైపు ఈ ఇంగ్లీషు మాటలూ, వాటి పుట్టిళ్ళూ రాయండి. రెండోవైపు మీ తాతయ్యనూ, అమ్మమ్మనూ, ఊళ్ళో ఆట కట్టేవారినీ అడిగి వారి మాటలు రాయండి. వేషానికి ఏమేం కావాలి? ఏ వాద్యాన్ని ఏమంటారు? తెర పట్టేవారిని ఏమని పిలుస్తారు? ఇవి ఎన్నో పుస్తకాల్లో దొరకవు. మీరు రాస్తేనే ఉంటాయి.

చివరకు లండన్ కుర్రవాడి దగ్గరికి వద్దాం. ఇప్పుడతడికి సంగతి తెలిసింది. "నిన్న సినిమాకు వెళ్ళాను, ఫిలిం చూశాను," అని సరిదిద్దుకున్నాడు. అవతలివాడు నవ్వి, "మరి నువ్వు ఎప్పుడూ థియేటర్‌కు వెళ్ళలేదా?" అని అడిగాడు.

మనవాడు చిన్నప్పుడు ఊళ్ళో, తాతయ్య పక్కన గొంగడి పరుచుకుని, తెల్లవారేదాకా చిందు చూసిన వాడనుకోండి. ఏం జవాబు చెప్పాలి? "ఎందుకు వెళ్ళలేదు? మా వీధిలోకే వచ్చేది," అని చెప్పవచ్చు. అది అక్షరాలా నిజం.