తేలికైన శ్రమ ఎవరిది?

2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర వెంకటాపురంలో ఓ పరిశ్రమ నుంచి స్టైరీన్‌ ఆవిరి ఊరిని కమ్మేసింది. పరుగెత్తినవారు దారిలోనే కుప్పకూలారు. 12 మంది చనిపోయారు.

అలాంటి ఇంటికి పరామర్శకు వెళ్తే మనం తొందరపడి ఒక మాట అనేస్తుంటాం: 'పరలోక మహిమ ముందు ఈ కష్టమెంతండీ?' అందుకు ఆధారంగా కొరింథీయులకు పౌలు రాసిన రెండో పత్రిక నాలుగో అధ్యాయాన్ని చూపిస్తాం. కానీ అక్కడ ఆయన తేలిక అన్నది తన శ్రమను, పొరుగువాడి శ్రమను కాదు. పదకొండో అధ్యాయంలో ఆ 'తేలిక' లెక్క ఉంది: ఐదుసార్లు కొరడా దెబ్బలు, మూడుసార్లు బెత్తపు దెబ్బలు, ఒకసారి రాళ్లు, మూడుసార్లు ఓడ పగిలిపోవడం, ఒక రాత్రీ పగలూ సముద్రంలో. 2014లో హుద్‌హుద్‌ను చూసిన మనకు ఆ సముద్రం ఎలాంటిదో వేరే చెప్పాలా?

పౌలుకు నొప్పి లేకపోలేదు. త్రాసు రెండో తట్టలో నిత్యత్వాన్ని పెట్టి తూచాడంతే. శ్రమలో విశ్వాసం ఎదగడమంటే ఆ తూకం నేర్చుకోవడమే. అయితే ఎవరి తూకం వారే, ప్రభువు సన్నిధిలో, తమకు చేతనైనప్పుడు వేసుకోవాలి.

మరి అందాకా పక్కన కూర్చున్న మనం? లాజరును లేపబోతున్నానని యేసుప్రభువుకు తెలుసు. అయినా మరియ ఏడుస్తుంటే చూసి, ముందు తానూ కన్నీళ్లు విడిచాడు.